సత్తెమ్మ ఎక్స్‌రేలో మచ్చ

డాక్టర్ సుబ్బరాయుడి కారుకు రెండు రాష్ట్రాలుండేవి.

తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజులవి. నంబరు ప్లేటు మీద ఏపీ అన్న అక్షరాలు కనిపిస్తే చాలు, కొండాపూర్ చౌరస్తాలో కుర్రాళ్ళు బండి ఆపి, టీజీ అన్న స్టిక్కరు అంటించి, నినాదం ఒకటి చెప్పించుకుని పంపేవాళ్ళు. వాళ్ళకా శ్రమ ఎందుకని సుబ్బరాయుడు తనే ముందుగా ఒక స్టిక్కరు తెచ్చుకున్నాడు. తెచ్చుకున్నవాడు నిండుగా అంటించాడా అంటే, అదీ లేదు. ఒక మూల మడిచిపెట్టి, గోటితో లాగితే ఊడివచ్చేలా అంటించాడు. సొంతూరికి బయల్దేరినప్పుడు అలంపూర్ చౌరస్తా దాటాక, తుంగభద్ర వంతెనకు ఇవతల కారాపి, ఏదో పనున్నవాడిలా దిగి, స్టిక్కరు పీకి, డాష్‌బోర్డులో దువ్వెన పక్కన భద్రంగా దాచుకునేవాడు. వంతెన అవతల కర్నూలులో ఎవరైనా ఆపితే అక్కడి నినాదం అక్కడ సిద్ధంగా ఉండేది. తిరుగు ప్రయాణంలో మళ్ళీ అదే చోట ఆగి మళ్ళీ అంటించేవాడు. జిగురు అరిగిపోతే కొత్తది కొనేవాడు.

ఇందులో అతన్ని మరీ తప్పుపట్టడానికి లేదు. పుట్టి పెరిగింది కడప జిల్లాలో, ప్రొద్దుటూరు అవతల ఒక పల్లెలో. ఊరు రెండు వర్గాలు. తండ్రి ఆ ఊరి పోస్టుమాస్టరు. ఉత్తరాలు పంచడం ఎంత ముఖ్యమో, పొద్దున ఈ వర్గం పెద్దింట్లో కాఫీ తాగితే పొద్దు వాలేలోగా ఆ వర్గం పెద్దింట్లో కూడా తాగి రావడం ఆయనకు అంత ముఖ్యం. "ఎవరి మాటా కాదనొద్దు నాయనా, అట్లని ఔననీ అనొద్దు" అని కొడుక్కి నేర్పాడు. తల్లిదండ్రులు చెప్పే మంచి మాటలు చాలావరకు ఆ చెవిన విని ఈ చెవిన వదిలేసేవే. ఈ ఒక్క మాటను మాత్రం సుబ్బరాయుడు ఒంటబట్టించుకున్నాడు.

కర్నూలులో వైద్యం చదివాడు. హైటెక్ సిటీ దగ్గర, కొండాపూర్ నుంచి రాయదుర్గం వెళ్ళే దారిలో ఉన్న ఒక అద్దాల ఆసుపత్రిలో ఐసీయూ డ్యూటీ డాక్టరుగా చేరాడు. చదువులో మొద్దు కాడు. చేతిపని శుభ్రం. చిక్కల్లా నోటితోనే వచ్చేది. "బతుకుతాడా సార్?" అని రోగి అన్నదమ్ములు అడిగితే "కావచ్చు" అనేవాడు. "ప్రమాదమా సార్?" అన్నా అదే జవాబు. క్యాంటీన్‌లో చట్నీ పులిసిందా అని అడిగినా "కావచ్చు" అని, తినీ తినక వదిలేసి లేచేవాడు. నర్సులు అతనికి కావచ్చు డాక్టరు అని పేరు పెట్టారు. ఆ మాట చెవిన పడి, "నన్నేనా అంటున్నది?" అని అడిగితే, హెడ్ నర్సు స్టెల్లా తడుముకోకుండా "కావచ్చు సార్" అంది.

ఆసుపత్రికి ఎదురుగా, ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ గేటు పక్కన, సత్తెమ్మ మిరపకాయ బజ్జీల బండి ఉండేది. మనిషిది బోరబండ. మొగుడు రామన్న ఆటో నడిపేవాడు. సత్తెమ్మ బండి దగ్గర చూడాల్సింది బజ్జీలను కాదు, ఆమె చెవులను. మెడలో కార్డులు వేలాడేసుకున్న పిల్లలు సాయంత్రం గుంపుగా వచ్చిపడి, తలొక మాట అరిచేవాళ్ళు. ఒకడికి ఉల్లిపాయ వద్దు, ఒకతెకు నిమ్మకాయ కావాలి, ఇంకొకడికి కారం తక్కువ. వెనక బస్సుల హారన్లు, ముందు మూకుడు చిటపట. సత్తెమ్మ తలెత్తి ఎవరి ముఖమూ చూసేది కాదు. గొంతు విని మనిషిని పట్టేది, ఎవరి ప్లేటు వాళ్ళ చేతిలో పెట్టేది. దీక్షా శిబిరంలో ధూంధాం ఉన్న రోజున బండి తొందరగా కట్టేసి వెళ్ళి, పాటకు వంత పాడేది కూడా.

సుబ్బరాయుడు ఆమెకు పాత గిరాకీ. గుంపు వెనకాల నిలబడి అతను తనకేం కావాలో తనకే వినిపించనట్టు అనేవాడు. సత్తెమ్మ వెనక్కి తిరక్కుండానే, "ఇగో, గునిగే సార్ వచ్చిండు" అని నవ్వేది. "నోట్లనే గునుగుతవేంది సార్? జర గట్టిగ చెప్పరాదు?" అనేది. అయినా ఆ గొణుగుడు కూడా ఆమెకు వినపడేది. అతని ప్లేటు ఎన్నడూ తప్పు పోలేదు.

ఒకసారి కారు నంబరు ప్లేటు మీద మడిచిన మూలను ఆమె చూడనే చూసింది.

"అసలు నువ్వు ఎటు దిక్కు సార్?" అంది.

ఆ ప్రశ్నకు సుబ్బరాయుడి దగ్గర ఎప్పుడో తయారుచేసి పెట్టుకున్న జవాబుంది. "నేను పేషెంట్ల దిక్కమ్మా" అన్నాడు.

"గట్లనా. అయితే నాకు రోగమొస్తే సీదా నీ దగ్గరికే వస్త" అంది సత్తెమ్మ.

మాట నిలబెట్టుకుంది పాపం. కడుపునొప్పి వస్తే మాత్రలు మింగి ఓర్చుకుని, ఓర్చుకుని, చివరికి బండి దగ్గరే కూలబడింది. రామన్న ఆమెను తన ఆటోలోనే రోడ్డుకు ఇవతలికి తెచ్చాడు. పేగుకు చిల్లు పడింది. తెల్లకార్డు మీద ఆపరేషన్ చేశారు. బీపీ పడిపోతుంటే సెలైన్ సీసాలు ఒకదాని వెంట ఒకటి ఎక్కించారు. ప్రాణం దక్కింది కానీ సొంతంగా ఊపిరి తీసుకునే బలం రాలేదు. గొంతులో గొట్టం వేసి, మత్తులో ఉంచి, వెంటిలేటర్ మీద పెట్టి సుబ్బరాయుడి వార్డుకు పంపించారు. అంతా కుదుటపడుతున్నదనుకుంటుండగా జ్వరం వచ్చింది. ఎక్స్‌రే తీస్తే కుడి ఊపిరితిత్తి కింది భాగంలో తెల్లగా మచ్చ కనిపించింది.

వెంటిలేటర్ మీదున్న మనిషికి నిమోనియా వచ్చిందో లేదో చెప్పడం పైకి కనిపించేంత సులువు కాదు. మామూలు మనిషైతే దగ్గుతాడు, గుండెలో పోటంటాడు, అడిగితే నాలుగు ముక్కలు చెబుతాడు. ఈ మనిషి నోట్లో గొట్టం. జ్వరం చూసి చెబుదామా అంటే, కడుపు కోసినవాళ్ళకు జ్వరం రావడానికి సవాలక్ష కారణాలు. కఫం తీసి చూద్దామా అంటే, గొట్టం పెట్టిన కొద్దికాలానికే అందులో సూక్ష్మజీవులు కిరాయికి దిగుతాయి. కిరాయికున్న ప్రతివాడూ దొంగ కాడు గదా. ఇక ఎక్స్‌రే అంటారా, చీము పట్టినా తెల్లగానే కనిపిస్తుంది, నీరు చేరినా తెల్లగానే కనిపిస్తుంది, ఊపిరితిత్తి ఓ మూల ముడుచుకుపోయినా అంతే. అందుకని తెలివైన డాక్టరు చేసే పని ఒకటుంది. సన్నటి గొట్టాన్ని మచ్చ ఉన్నచోటి దాకా లోతుగా దించి, కాస్త సెలైన్‌తో కడిగి, ఆ కడుగునీళ్ళను ల్యాబుకు పంపించడం. అదీ యాంటీబయాటిక్ మొదటి చుక్క పడకముందే చెయ్యాలి. మందు పడ్డాక చేస్తే, పోలీసులొచ్చి వెళ్ళాక పేకాట ఇంట్లో ఆటగాళ్ళని వెతికినట్టే.

ఈ సంగతి సుబ్బరాయుడికి బాగా తెలుసు. సామాను కూడా సిద్ధం చేయించాడు. ఇంతలో పెద్ద డాక్టర్లిద్దరూ వచ్చారు. కలిసి కాదు, విడివిడిగా.

ఐసీయూకు పెద్ద డాక్టర్ వెంకటనారాయణ. గుంటూరు వైపు, మిరప రైతు బిడ్డ. ఛాతీ వైద్యుడు డాక్టర్ రాజమల్లు. కరీంనగర్ మనిషి. ఉద్యమానికి ముందు వాళ్ళిద్దరూ ఒకే బల్ల దగ్గర భోంచేసేవాళ్ళు. వెంకటనారాయణ ఇంటి గోంగూర సగం రాజమల్లు గిన్నెలోకే పోయేది. ఢిల్లీ నుంచి డిసెంబరు ప్రకటన వచ్చిన దగ్గర్నుంచి గోంగూర ఆగిపోయింది. తర్వాత పలకరింపులు ఆగిపోయాయి. ఆ తర్వాత ఒకరు రౌండ్సుకు వస్తున్నారంటే ఇంకొకరు వెనక తలుపు నుంచి వెళ్ళడం మొదలైంది. ఒకరితో ఒకరు చెప్పాల్సిందంతా సుబ్బరాయుడితో చెప్పేవాళ్ళు.

వెంకటనారాయణ ఎక్స్‌రేను వెలుతురుకు ఎత్తి పట్టి చూశాడు. "ఇంకా సందేహమేంటయ్యా? నిమోనియా. మిరపాకు మీద మచ్చ కనపడితే మా నాన్న పురుగు పేరేంటని అడిగేవాడు కాదు, మందు కొట్టేవాడు. అడుగుతా కూర్చుంటే చేను పోద్ది. అమికాసిన్ మొదలెట్టెయ్. కాస్త గట్టి మోతాదే పడనియ్" అన్నాడు.

ఆయన వెళ్ళిన కాసేపటికి రాజమల్లు వచ్చి అదే ఎక్స్‌రేను అదే వెలుతురుకు ఎత్తి పట్టాడు. "నిమోనియా అని ఎవరన్నరు, ఆయ్ననా? గిది నీళ్ళయ్యా. ఆపరేషన్ల సెలైన్ మీద సెలైన్ ఎక్కిచ్చిండ్రు. అవన్నీ ఏడికి పోతయి? ఊపిరితిత్తులల్ల జేరినయి. ఎవల నీళ్ళు ఎటు పోయినయో మాకు ఇంకొకలు చెప్పాల్నా? నీళ్ళు గుంజే ఇంజెక్షన్ వెయ్యి. మంచిగ, పూట పూటకు వెయ్యి" అన్నాడు.

నీళ్ళ విషయంలో రాజమల్లు రాజీపడే మనిషి కాదు. సభల్లో ఆ సంగతి మీద గొంతు పోయేలా మాట్లాడి వచ్చినవాడు. ఆ విధంగా, నోరు మెదపలేక పడుకున్న సత్తెమ్మ ఛాతీలో అరచేతి వెడల్పున ఉన్న మచ్చ ప్రాంతీయ సమస్య అయి కూర్చుంది.

సుబ్బరాయుడు ధైర్యం కూడగట్టుకుని, "సార్, మందు మొదలుపెట్టకముందే ఒక్కసారి లోపల కడిగి పరీక్షకు పంపిద్దామా?" అని వెంకటనారాయణను అడిగాడు.

"ఏం, నా మాట చాలదా? ఈ సలహా నీదా, ఆయనదా?"

రాజమల్లును అడిగితే ఆయన నవ్వాడు. "పంపు, పంపు. ల్యాబు పెద్దాయన ఏ ఊరోడో తెలుసు గదా? వాళ్ళకేం గావాల్నో గదే రాపిచ్చుకుంటరు" అన్నాడు.

పరీక్ష చేస్తే జవాబు వస్తుంది. జవాబు వస్తే ఇద్దరిలో ఒకరు ఓడిపోతారు. ఓడిపోయినవాడికి ఓడించిన సూక్ష్మజీవి గుర్తుండదు, గొట్టం దించిన సుబ్బరాయుడు గుర్తుంటాడు. ఇంతవరకూ ఆలోచించి అతను సామాను మళ్ళీ అలమరలో పెట్టించాడు.

ఆ రోజుల్లోనే ఢిల్లీ కమిటీ నివేదిక బయటికొచ్చింది. డాక్టర్ల గదిలో టీవీ ముందు అందరూ గుమిగూడారు. రాష్ట్రాన్ని ఏం చెయ్యాలో చెప్పండయ్యా అంటే కమిటీవాళ్ళు ఒకటి కాదు, ఆరు దారులు చూపించారు. విడదీయవచ్చు, కలిపి ఉంచవచ్చు, రాయలసీమను తెలంగాణలో చేర్చి ఇంకో రకంగానూ విడదీయవచ్చు. గదిలో ఒక మూల వెంకటనారాయణ, ఇంకో మూల రాజమల్లు టీవీని తిట్టారు. గోంగూర ఆగిపోయాక వాళ్ళిద్దరూ ఒకే మాట మీద ఉన్నది ఆ ఒక్క గంటే. సుబ్బరాయుడికి మాత్రం కళ్ళు చెమర్చినంత పనైంది. తనలాంటివాళ్ళు దేశంలో అంత పెద్ద కుర్చీల్లో ఉన్నారని అతనికి అంతవరకూ తెలియదు. ఆరింట్లో నీకేది నచ్చిందని ఎవరో అడిగితే, "అన్నిట్లోనూ కాస్త కాస్త మంచి ఉంది" అన్నాడు.

అక్కడి నుంచి లేచి నేరుగా సత్తెమ్మ మంచం దగ్గరికి వెళ్ళి, కేస్‌షీటులో రెండు మందులూ రాశాడు. గుంటూరు వారికి అమికాసిన్, కరీంనగర్ వారికి నీళ్ళు గుంజే ఇంజెక్షన్. ఎవరొచ్చి చూసినా వాళ్ళ మందు వాళ్ళకు కనిపిస్తుంది. ఇంత తేలిక ఉపాయం ముందే తట్టనందుకు తనను తానే కోప్పడ్డాడు.

స్టెల్లా ఆ కాగితం చూసింది. "రెండూనా సార్?"

"రెండూ సిస్టర్."

"కలిపి ఇవ్వొచ్చా?"

సుబ్బరాయుడు "కావచ్చు" అనబోయాడు. అంతలో పాత పరీక్ష ఒకటి గుర్తొచ్చింది. కర్నూలులో మందుల శాస్త్రం పరీక్షలో బయటి నుంచి వచ్చిన ప్రొఫెసర్ ఒకాయన సరిగ్గా ఈ రెండు పేర్లే చెప్పి, కలిపి ఇస్తే ఏమవుతుందని అడిగాడు. "చెవులు పోతాయి సార్. కిడ్నీలు మందగిస్తే ఇంకా తొందరగా పోతాయి. పోయినవి మళ్ళీ రావు" అని సుబ్బరాయుడు టకటకా చెప్పాడు. పుట్టి బుద్ధెరిగాక అతను స్పష్టంగా ఇచ్చిన జవాబు అదొక్కటే. దాంతోనే పాసయ్యాడు. సత్తెమ్మ కిడ్నీలు మందగించిన సంగతి ఆ పొద్దున రిపోర్టులో ఉంది.

"చూద్దాం సిస్టర్, ఇప్పటికి ఇవ్వండి" అన్నాడు.

ఇక్కడ కోపం రాకపోతే మనం మనుషులం కాదు. ఇద్దరిలో ఎవరికో ఒకరికి ఒక్క ముక్క చెబితే సరిపోయేది. అమికాసిన్ బదులు ఇంకో మందు వేద్దాం సార్ అని ఆయనతోనైనా చెప్పొచ్చు, ఆ ఇంజెక్షన్ ఒకటి రెండు రోజులు ఆపుదాం సార్ అని ఈయనతోనైనా చెప్పొచ్చు. ఎవరూ ఉరి తియ్యరు. మహా అయితే కసురుకుంటారు. ఆ కసురుకు భయపడి, మత్తులో పడి ఉన్న ఒక మనిషి చెవులను ఇద్దరు పెద్దమనుషుల మధ్య సంధిపత్రంగా పెట్టాడు సుబ్బరాయుడు.

అసలు ప్రయత్నమే చెయ్యలేదని అనడానికి లేదు. చేతులు కడుక్కునే చోట అద్దం ముందు నిలబడి రెండు వాక్యాలూ సాధన చేశాడు. అద్దంలో బాగానే వచ్చాయి. వెంకటనారాయణ గది తలుపు తోశాడు. ఆయన ఫోన్లో ఎవరితోనో, "మమ్మల్ని పొమ్మంటే ఎక్కడికి పోతామండీ? ఇక్కడ ఇల్లు కట్టుకున్నాం, పిల్లల్ని చదివించుకున్నాం" అని మండిపడుతున్నాడు. ఫోను పెట్టేసి, "ఏంటయ్యా?" అన్నాడు. సుబ్బరాయుడు, "టీ తాగారా సార్?" అన్నాడు. అక్కడి నుంచి రాజమల్లు దగ్గరికి వెళ్ళాడు. ఆయన ముందు పత్రిక పరుచుకుని, "మా పోరగాళ్ళు పానాలు తీసుకుంటుంటే ఆరు దారులంట, ఆరు దారులు!" అని బల్ల గుద్దుతున్నాడు. ఆ కళ్ళల్లో నీళ్ళున్నాయి. "నువ్వెందుకొచ్చినవ్?" అంటే, "ఊరికే సార్, మీరు టీ తాగారేమో కనుక్కుందామని" అన్నాడు. తిరిగొచ్చి మర్నాటి మందులు రాశాడు. మళ్ళీ రెండూ రాశాడు.

ఐసీయూ బయట కుర్చీలో రామన్న కూర్చుని ఉండేవాడు. సుబ్బరాయుడు కనిపిస్తే లేచి నిలబడేవాడు.

"సార్, లోపల ఏం జేస్తున్రో నాకు తెల్వది. నువ్వున్నవని అది ఒక్కటే ధైర్నం. అది ఎప్పుడూ అంటుండె, గునిగే సార్ మంచోడు, పేషెంట్ల దిక్కే ఉంటడట అని."

"చూస్తున్నాం" అనేవాడు సుబ్బరాయుడు, రామన్న చెప్పులు చూస్తూ.

రోజులు గడిచాయి. జ్వరం తగ్గింది. మచ్చ పలచబడింది. యంత్రం సాయం కొంచెం కొంచెం తగ్గిస్తూ వచ్చారు. అప్పుడు ఇద్దరు పెద్దలకూ పరీక్ష మీద మనసు మళ్ళింది. ఇప్పుడు కడిగి చూడమన్నారు, వేర్వేరుగానే. సుబ్బరాయుడు గొట్టం దించి, కడిగి, ల్యాబుకు పంపాడు. అందులో ఏమీ పెరగలేదని రిపోర్టు వచ్చింది.

"చూశావా? మన మందుకి ఒక్క పురుగు మిగల్లేదు" అన్నాడు వెంకటనారాయణ.

"చూసినవా? పురుగు ఉంటే గదా దొరుకుడు. నీళ్ళు తీసినం, సాఫ్ అయింది" అన్నాడు రాజమల్లు.

అది నిమోనియానో, నీళ్ళో, రెండూ కాక మూలన ముడుచుకున్న ఊపిరితిత్తి తనంతట తానే విచ్చుకుందో, దేవుడికి తప్ప ఎవరికీ తెలియదు. తెలుసుకునే వీలున్న పూట సామాను అలమరలో పెట్టి మూసేశారు గదా. అయినా వెంకటనారాయణ వైద్యుల సదస్సులో అదే ఎక్స్‌రే చూపించి, వెంటిలేటర్ నిమోనియాను తొందరగా గుర్తుపట్టడం ఎలాగో చెప్పి చప్పట్లు కొట్టించుకున్నాడు. రాజమల్లు ఇంకో సదస్సులో అదే ఎక్స్‌రే చూపించి, నిమోనియా కానిదాన్ని నిమోనియా అనుకోకుండా ఉండడం ఎలాగో చెప్పి అంతే చప్పట్లు కొట్టించుకున్నాడు. రెంటికీ బొమ్మలు తయారుచేసి ఇచ్చింది సుబ్బరాయుడే. ఊరంతా తగలబడుతున్నా తమ ఐసీయూలో రెండు ప్రాంతాలవారూ సామరస్యంగా పని చేస్తున్నారని యాజమాన్యం మురిసిపోయింది. అందుకు కారణమైన సుబ్బరాయుడికి ఐసీయూ ఇన్‌చార్జ్ అని బల్ల మీద పెట్టుకునే పేరుపలక చేయించి ఇచ్చింది. దాన్ని అతను ఎక్కడా అంటించలేదు. ఎటు కావాలంటే అటు తిప్పుకునేలా బల్ల మీద ఊరికే నిలబెట్టాడు.

సత్తెమ్మ గొంతులో గొట్టం తీసేసిన రోజున దగ్గర్లోనే పెద్ద ఊరేగింపు ఉంది. మధ్యాహ్నానికి అది ఆసుపత్రి ముందుకొచ్చింది. డప్పులు, మైకులో పాట, వందల గొంతుల నినాదాలు. ఐసీయూ అద్దాలు అదిరిపోతున్నాయి. పక్క మంచం ముసలాయన చెవుల మీద దుప్పటి లాక్కున్నాడు. స్టెల్లా కిటికీలన్నీ బిగించింది. అయినా పాటలో ప్రతి ముక్కా లోపలికి వినిపిస్తూనే ఉంది.

మత్తు దిగిపోయి సత్తెమ్మ కళ్ళు తెరిచింది. చుట్టూ చూసింది. ఎదురుగా నిలబడ్డ మనిషిని పోల్చుకోవడానికి కాస్త సమయం పట్టింది. గొట్టం రాసుకుని బొంగురుపోయిన గొంతుతో, నవ్వబోతూ అడిగింది.

"ఇయ్యాల బందా సార్? ఒక్క సప్పుడు లేదు."

కిటికీ అవతల డప్పులు మోగుతూనే ఉన్నాయి. సుబ్బరాయుడు ఆమె తల వెనక్కి చెయ్యి పెట్టి, చెవి పక్కన చిటిక వేశాడు. సత్తెమ్మ కదల్లేదు. రెండో చెవి దగ్గర చప్పట్లు కొట్టాడు. స్టెల్లా తిరిగి చూసింది. పక్క మంచం ముసలాయన దుప్పటి తీసి చూశాడు. సత్తెమ్మ మాత్రం అతని ముఖం వైపే చూస్తూ, బండి సంగతి, మూకుడు ఎవరు చూస్తున్నారన్న సంగతి అడుగుతున్నది.

ఆమెకు వినపడదని రూఢి అయ్యాక సుబ్బరాయుడికి మాట వచ్చింది. అద్దం ముందు వచ్చినంత చక్కగా, తడబాటు లేకుండా, ఒక్క "కావచ్చు" కూడా లేకుండా వచ్చింది.

"సత్తెమ్మా, నీ చెవులు పోయాయి. రెండు మందులు కలిపి ఇవ్వడంవల్ల పోయాయి. కలిపితే పోతాయని నాకు తెలుసు. తెలిసే రాశాను. పెద్దవాళ్ళిద్దరిలో ఎవరికీ కోపం రాకూడదని రాశాను. తప్పు నాదే" అన్నాడు.

సత్తెమ్మ అతని పెదాల వంక చూసింది. అలవాటైన చిరాకుతో మొహం చిట్లించింది.

"ఎప్పటి లెక్కనే నోట్లనే గునుగుతవేంది సార్?" అంది. "జర గట్టిగ చెప్పరాదు?"

అతని వెనకాల స్టీలు డబ్బా నేల మీద పెట్టిన చప్పుడయింది. గొట్టం తీశారని తెలిసి, గంజి పట్టుకుని రామన్న ఎప్పుడు లోపలికొచ్చాడో ఎవరూ చూసుకోలేదు.

రామన్న చెవులు బాగానే పనిచేస్తాయి.